మెట్లు ఎటు తిరిగాయి

ఒక చోటును బాగా ఎరిగిన మనిషి అని ఎవరిని అనాలి? అక్కడికి వెళ్ళి, నీడపట్టున కూర్చుని, ఏమీ చూడకుండా తిరిగి వచ్చినవాళ్ళనా? ఇంటి గడప దాటకుండానే అక్కడి ప్రతి రాయినీ, రాయి మీది పగులునూ చెప్పగలిగినవాళ్ళనా? ఫొటోలు కడిగే ఆవిడ గుర్తుకొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న కూడా వెంటబడి వస్తుంది. జవాబు మాత్రం ఇన్నేళ్ళయినా దొరకలేదు.

ఆవిడకు ఆ పేరు పని వల్ల వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే స్టూడియో వెనకగదిలో, ఎర్రదీపం కింద, మందునీళ్ళ పళ్ళేల ముందు నిలబడి ఊరివాళ్ళ ఫొటోలు కడిగింది. ముందుగదిలో స్టూడియో ఆయన గడ్డం పైకెత్తమనీ, కొంచెం నవ్వమనీ చెబుతూ ఉండేవాడు. వెనకగదిలో, పని నేర్చుకోవడానికి ఎప్పుడైనా ఎవరో ఒకరు వస్తే తప్ప, ఆవిడతో మాట్లాడేవాళ్ళే లేరు. "మా అక్క కడగని మొహం ఈ ఊళ్ళో ఒక్కటి కూడా లేదు" అని చెల్లెలు వేళాకోళం చేసేది.

జనానికి సెలవులు వస్తే ఆవిడకు పని వచ్చేది. వెళ్ళేటప్పుడు ఫిల్ము రోల్స్ కొనుక్కుని వెళ్ళిన వాళ్ళందరూ తిరిగి రాగానే వాటిని తెచ్చి బల్ల మీద కుమ్మరించి, "రేపటికి ఇచ్చేస్తారు కదూ?" అని ప్రాణం తీసేవారు. ఇక ఆవిడ కదిలేదెప్పుడు? చెల్లెలి కుటుంబం నాలుగైదేళ్ళు వరసగా, "ఈసారైనా మాతో రావే అక్కా" అని పిలిచింది. "ఈసారికి కాదులే" అని ఆవిడా వరసగా చెప్పింది. తరవాత పిలవడం ఆగిపోయింది. పిలవలేదని ఆవిడా అనుకోలేదు.

అలా అని ఏమీ చూడలేదని కాదు. పళ్ళెంలో వేసిన తెల్లకాగితం మీద ముందు నల్లటి చోట్లు తేలేవి. తరవాత ఒక ఇనుప కమ్మీ, ఒక కిటికీ, రాతిగోడ మీద మధ్యాహ్నపు నీడ. మొహాలు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేవి, అప్పటికి ఆవిడ చూడవలసినదంతా చూసేసేది. మనుషులు ఎలాగూ నవ్వుతారు. వాళ్ళ వెనక ఉన్నదే ఒక్కోసారి ఒక్కోలా ఉండేది.

స్టూడియో మూతపడినప్పుడు, ఎవరూ వచ్చి తీసుకువెళ్ళని ఫొటోల కవర్లు నాలుగు రేకుపెట్టెల నిండా మిగిలాయి. "పారేసెయ్యండమ్మా, ఇన్నేళ్ళకి ఎవరొస్తారు?" అన్నాడు స్టూడియో ఆయన. ఆవిడ సరేనంది. రెండు విడతలుగా రిక్షాలో ఇంటికి తెచ్చుకుని మంచం కింద తోసింది.

ఆ పెట్టెలకు వెలుగు చూపించింది చెల్లెలి కూతురు. పళ్ళ డాక్టరు దగ్గర వచ్చేవాళ్ళ పేర్లు రాసుకునే ఉద్యోగం ఆమెది. ఆదివారాల్లో పెద్దమ్మ ఇంటికి వచ్చి, మంచం మీద వెల్లకిలా పడుకుని ఫోను చూసుకోవడం ఆమెకు అలవాటు. ఒక ఆదివారం ఫోను పెద్దమ్మ మొహం మీద పెట్టింది.

"చూశావా పెద్దమ్మా ఈ పిచ్చి? మెట్లట! ఊరూరా తిరిగి ఆరుబయట ఉన్న పాత మెట్లన్నీ లెక్కపెట్టి రాసుకుంటారట. ఎక్కడున్నాయి, ఎన్ని ఉన్నాయి, ఎటు తిరుగుతాయి... ఫొటో కూడా పెట్టాలి. దీనికో సంఘం, నెలకో మీటింగు!"

"ఎందుకట?"

"ఎందుకేమిటి, సరదా. ఈ మధ్య రోడ్ల కోసం మెట్లు కొట్టేస్తున్నారుగా, అలా పోయినవాటికి వేరే విభాగం పెట్టారు. ఎవరింట్లోనైనా పాత సెలవుల ఫొటోలుంటే వెతికి పంపమంటున్నారు."

ఆవిడ వంగి, మంచం కింద నుంచి ఒక రేకుపెట్టె లాగింది. మూత తీసేసరికి పాత మందుల వాసన గుప్పుమంది. అమ్మాయి ముక్కు మూసుకుని లేచి కూర్చుంది.

"ఇవన్నీ ఎవరివి?"

"తెలియదు."

"ఎవరి ఫొటోలో ఎవరింట్లోనో! పెద్దమ్మా, నువ్వు సామాన్యురాలివి కాదు."

ఆ సాయంత్రమే అమ్మాయి తన పాత కంప్యూటరు తెచ్చి, పెద్దమ్మకు ఖాతా తెరిచి, ఎలా నమోదు చెయ్యాలో చూపించి పోయింది. మర్నాడు పొద్దున ఆవిడ ఒక్కతే కూర్చుని మొదటి నమోదు చేసింది. నదిగట్టు మీది మెట్లు, నలభై మూడు. మధ్యలో ఒక లావుపాటి కుటుంబం అడ్డం నిలబడింది కాబట్టి నాలుగు మెట్లు కనబడలేదు. పక్కనున్న గోడ రాళ్ళ వరసలతో పోల్చి ఆ నాలుగూ తేల్చింది. చోటు పట్టుకోవడానికి కంప్యూటరులో పైనుంచి కనిపించే పటం తెరిచి, నదికి ఆ వంపు ఎక్కడుందా అని మూడు గంటలు వెతికింది. దొరికినప్పుడు వంటింట్లోకి వెళ్ళి ఊరికే నీళ్ళు తాగి వచ్చింది. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది.

చివర్లో ఒక ప్రశ్న ఉంది. 'మీరు ఈ మెట్ల దగ్గరకు స్వయంగా వెళ్ళారా?' కింద రెండు గళ్ళు. ఆవిడ 'లేదు' నొక్కింది. పేజీ కదలలేదు. మళ్ళీ నొక్కింది. కదలలేదు. మూడోసారి 'అవును' నొక్కింది. 'మీ నమోదు అందింది. ధన్యవాదాలు' అని వచ్చింది.

అలా పద్నాలుగు నెలల్లో అరవై ఒక్క 'అవును'లు అయ్యాయి. మొదటి రెండుమూడు సార్లు వేలు ఆగింది. తరవాత తలుపు గొళ్ళెం తీసినట్టు అలవాటుగా నొక్కేసేది. ఫొటోలో దీపస్తంభం ఆకారాన్ని బట్టి ఊరు, నీడ పొడవును బట్టి వేళ, మెట్ల అరుగుదలను బట్టి జనం ఏ పక్కగా ఎక్కుతారో కూడా చెప్పేది. సంఘంలో ఆవిడ రాతల కోసం ఎదురుచూసేవాళ్ళు తయారయ్యారు. నెలనెలా లైబ్రరీ మేడగదిలో జరిగే మీటింగుకు అమ్మాయి బలవంతాన తీసుకువెళ్ళింది. అక్కడ పదిహేను మంది లేచి నిలబడి, "మీరేనా!" అన్నారు. ఇన్నేళ్ళ బతుకులో ఆవిడను చూసి ఎవరైనా లేచి నిలబడటం అదే మొదలు.

ఆ గదిలో ఇద్దరిది పెద్ద నోరు. ఒకరు లెక్కల టీచరు. రూల్సన్నీ ఆమే రాసింది, వాటిని తు.చ. తప్పనివ్వదు. రెండో ఆయన టూరు బస్సు డ్రైవరు. డెబ్బై ఏళ్ళు దాటాయి, అందరికీ అన్నయ్య. పోయిన మెట్ల విభాగంలో ఏ నమోదు వచ్చినా సరిచూసి ఒప్పుకునేది ఆయనే.

"ముప్ఫై నాలుగేళ్ళు సెలవుల జనాన్ని మోశాను చెల్లెమ్మా" అన్నాడు మొదటి పరిచయంలోనే. "నేను తిప్పని చోటు లేదు. నేను చూసిన చోటూ లేదు. వాళ్ళంతా దిగి కొండెక్కేవాళ్ళు, నేను బండికి కాపలా. నాకు తెలిసిందల్లా బండి ఎక్కడ ఆపాలో, తాగే నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో. రిటైరయ్యాక సిగ్గేసింది. అందుకే ఇప్పుడు మోకాళ్ళు మొర్రో అంటున్నా ఎక్కుతున్నాను."

ఆవిడ నవ్వింది. తానూ ఒక మాట చెబుదామనుకుని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

చిక్కు అరవై ఒకటో నమోదుతో వచ్చింది. కొండవాలు మీది రాతిమెట్లు. కింది నుంచి ఇరవై ఆరు నిటారుగా పోయి, అక్కడ ఒక చిన్న అరుగు, తరవాత ఎడమకు తిరిగి ఇంకో పద్దెనిమిది. అరుగు మీద ఒకాయన నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు. దూరంగా గుండ్రటి నీళ్ళట్యాంకు, దాని చుట్టూ కిటికీల వరస. అలాంటి ట్యాంకు మరెక్కడా లేదు కాబట్టి ఊరు ఇట్టే తెలిసిపోయింది. మెట్లు కొట్టేసి, వాటి చోట రోడ్డు వేసి పన్నెండేళ్ళయింది. పటంలోని పాత గోడలు ఫొటోతో సరిగ్గా కుదరలేదు. రోడ్డు వేసినప్పుడు అన్నీ మార్చి ఉంటారులే అని సర్దిచెప్పుకుంది. ఎడమకు తిరుగుతాయని రాసింది. డ్రైవరు ఒప్పుకున్నాడు.

పది రోజుల తరవాత, మధ్యాహ్నం మూడింటప్పుడు, ఆయన ఆవిడ ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ స్కూటరు మీద తిరిగే మనిషి నడిచి వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

"స్కూటరేది అన్నయ్యగారూ?"

"తియ్యడం మానేశాను." కుర్చీలో కూర్చుని చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "చెల్లెమ్మా, ఆ మెట్ల కింద ఎనిమిదేళ్ళు బండి ఆపాను నేను. వారానికి రెండుసార్లు. నాకు బాగా గుర్తు, అవి కుడికి తిరిగేవి. ఆ మలుపు మొదట్లో, కుడిచేతి పక్కనే ఒక కుళాయి. అక్కడే మొహం కడుక్కునేవాణ్ణి. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కుడివైపే కనిపిస్తుంది."

ఆవిడ ఫ్యాను వేగం పెంచింది.

"మీ ఫొటోలో ఎడమకున్నాయి. ఫొటో అబద్ధం చెప్పదుగా! ఒప్పుకున్నాను, సంతకం పెట్టాను. ఇంటికెళ్ళి పడుకుంటే నిద్ర పట్టలేదు. మా అన్నకీ ఇలాగే మొదలైంది. ముందు కుడి ఎడమలు పోయాయి. తరవాత ఇల్లు పోయింది. ఆఖరికి వదిననే పట్టుకుని, 'ఎవరమ్మా నువ్వు' అన్నాడు." ఆయన నవ్వడానికి చూశాడు. "అందుకే స్కూటరు పక్కన పెట్టేశాను. ఎవరినైనా గుద్దితే? ఈ ఆదివారం మీటింగులో చెప్పేస్తున్నాను, ఇక నుంచి సరిచూసే పని మీదేనని. మీ కన్ను గద్ద కన్ను. కాదనకండి."

ఆ పని కావాలని ఆవిడకు ఎంత ఆశో ఎవరికీ తెలియదు. ఎన్ని ఊళ్ళ పాత ఫొటోలో, అన్నీ ముందు తన దగ్గరకే వస్తాయి. తాను చూసి ఔనంటేనే ఔను. రాత్రంతా మేలుకుని చూడమన్నా చూస్తుంది.

టీ పెట్టే నెపంతో లేచి, బీరువా మీది భూతద్దం అందుకుని, ఆ ఫొటో పట్టుకుని వంటింటి కిటికీ దగ్గరకు వెళ్ళింది. ఈసారి మెట్లు చూడలేదు. మెట్ల మీద నిలబడ్డ మనిషిని చూసింది. చొక్కా జేబు కుడి గుండె మీద ఉంది. గడియారం కుడి చేతికి ఉంది.

భూతద్దం తుడిచి మళ్ళీ పెట్టి చూసింది. కుడే.

నెగటివుకు రెండు వైపులుంటాయి, ఒకటి మెరుస్తుంది, ఒకటి మసకగా ఉంటుంది. మసక వైపు కాగితం కేసి ఉండాలి. తొందరలో తిరగేసి పెడితే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది, చూసేవాళ్ళకు అనుమానం కూడా రాదు. పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా ఆవిడ చెప్పే మొదటి పాఠం ఇదే. "మిగతాది తరవాత, ముందు చొక్కా జేబు చూడు." వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది. తాను మాత్రం మనుషుల వెనకున్నదే చూసింది గానీ మనుషులను ఏనాడూ చూడలేదు.

గదిలోకి వెళ్ళి వెతికితే పెట్టె అడుగున ఆ ఫొటో తాలూకు కవరు దొరికింది. మీద తన చేతిరాతే. 'తిరగబడింది. మళ్ళీ వెయ్యాలి.' మళ్ళీ వేసి ఇచ్చే ఉంటుంది, వాళ్ళు సరైనది తీసుకువెళ్ళే ఉంటారు. పాడైనది ఇక్కడ మిగిలింది. తప్పూ తనదే, దాన్ని దాచిందీ తానే, ముప్ఫై ఏళ్ళ తరవాత నిజమని ఊరందరికీ చూపించిందీ తానే.

టీ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు. అప్పుడే చెప్పి ఉండవచ్చు. చెబితే, ఆ కవరు మీ ఇంట్లో ఎందుకుందని అడుగుతాడు. ఎవరి ఫొటో అని అడుగుతాడు. ఆవిడ ఖాళీ కప్పు అందుకుంది.

ఆయన గేటు దాకా వెళ్ళి ఆగి, వీధికి ఆ కొసా ఈ కొసా చూశాడు. "బస్టాపు ఇటేగా చెల్లెమ్మా?" అన్నాడు. గంట క్రితం అటునుంచే వచ్చాడు.

"ఇటే అన్నయ్యగారూ" అంది ఆవిడ. ఆయన మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడింది.

ఆదివారం లోపల ఆవిడకు ఒక దారి తోచింది. తిరగబడిందని చెబుతుంది, అంతవరకే. తన సెలవుల ఫొటోనే, కడిగేటప్పుడు తానే పొరపాటున తిరగేసి వేసింది. కడిగేది తానే కాబట్టి ఎవరూ ఆరా తియ్యరు. ఆయన బెంగ తీరుతుంది, తన మాట నిలుస్తుంది. సరిచూసే పనంటే, సరే, ఆయన ఎప్పటికైనా వదలక తప్పదు కదా. నెగటివు తిరగబడిన సంగతి అమ్మాయికి చెబితే, "ఏముంది పెద్దమ్మా, ఒక్క ముక్కలో తేలిపోయేదానికి!" అంది. ఫొటోలు పెద్దమ్మవి కావని ఆమెకు తెలుసు. 'స్వయంగా వెళ్ళారా' అన్న ప్రశ్న దగ్గర పెద్దమ్మ ఏ గడి నొక్కుతోందో ఆమె ఏనాడూ అడగలేదు.

మీటింగు పదింటికి మొదలైంది. డ్రైవరు లేచి గొంతు సవరించుకునేలోగా ఆవిడే లేచింది. గదిలో అందరూ ఆశ్చర్యపోయారు. అడిగితే తప్ప పెదవి విప్పని మనిషి.

"ఒక తప్పు దిద్దాలి" అంది. ఫొటో తీసి, గాజుకిటికీకి ఆనించి, వెనకవైపు గదికేసి ఉండేలా పట్టుకుంది. బయటి ఎండ కాగితంలోంచి దూసుకు వచ్చింది. పలచగా, పాలలో కలిపిన మసిలా, మెట్లు కనబడ్డాయి. ఇరవై ఆరు నిటారుగా, ఒక అరుగు, తరవాత కుడికి.

"నెగటివు తిరగబడింది. పొరపాటు నాది. అన్నయ్యగారు చెప్పిందే నిజం."

డ్రైవరు కుర్చీలన్నీ తోసుకుంటూ కిటికీ దగ్గరకు వచ్చాడు. ముక్కు ఫొటోకు తగిలేంత దగ్గరగా చూశాడు. "అవే! అవే నా మెట్లు!" అన్నాడు. "చూశారా టీచరమ్మా? కుడికి! నా బుర్రకేం కాలేదు! దిట్టంగా ఉంది!" కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. ఎవరో చప్పట్లు కొట్టారు. లెక్కల టీచరు పుస్తకంలో దిద్దుకుంది.

అంతటితో అయిపోయేదే. కానీ సంతోషం పట్టలేని మనిషికి ఆ సంతోషంలో తోడు కావాలి. ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

"ఇదిగో, అరుగు దాటగానే ఇక్కడ, ఫొటోలో పడలేదు గానీ, ఇక్కడే కుళాయి. అటు ఎక్కినవాళ్ళు అక్కడ ఆగకుండా పోయేవాళ్ళు కాదు. ఆ నీళ్ళ సంగతి చెబితే మా ఇంట్లో నమ్మరు. మీరూ తాగే ఉంటారు కదా చెల్లెమ్మా, మీరు చెప్పండి వీళ్ళకి. ఎలా ఉండేవి?"

అందరూ ఆవిడ వైపు చూశారు. చల్లగా ఉండేవి అంటే సరిపోయేది. కొండ మీది నీళ్ళు చల్లగానే కదా ఉంటాయి. కానీ ఆయన మొహంలో, అదే చోట మొహం కడుక్కున్న ఇంకో మనిషి దొరికిందన్న వెలుగు ఉంది. ఆ వెలుగును ఆవిడ అబద్ధంతో ముట్టుకోలేకపోయింది.

"నాకు తెలియదు" అంది. "నేను వెళ్ళలేదు."

"ఆ రోజు కుళాయి దాకా వెళ్ళలేదా?"

"అసలు వెళ్ళలేదు అన్నయ్యగారూ. ఆ ఊరికే వెళ్ళలేదు. ఆ ఫొటో నాది కాదు. ఎవరిదో. నేను కడిగాను, అంతే."

లెక్కల టీచరు కలం ఆగింది. "ఇది ఒక్కటేనా అండీ?"

"అన్నీ."

అమ్మాయి నుదురు పట్టుకుంది. డ్రైవరు ఆవిడనూ ఫొటోనూ మార్చి మార్చి చూశాడు.

"అరవై ఒక్కటీ తీసెయ్యాలి" అంది టీచరు చివరికి, కోపంగా కాదు, కూడిక తప్పిందని చెప్పినట్టు. "స్వయంగా వెళ్ళినవాళ్ళే రాయాలి. అదే కదా మన మొదటి రూలు."

"ఆగండి టీచరమ్మా" అన్నాడు డ్రైవరు. "ఎనిమిదేళ్ళు ఆ మెట్ల కింద కూర్చున్నాను. ఎన్ని మెట్లంటే నాకు తెలుసా? తెలియదు. ఆవిడ చెబితే తెలిసింది. అరుగు రాయి పగిలి ఉందని ఆవిడ రాస్తే, అవును సుమా అనుకున్నాను. నేను వెళ్ళినట్టూ, ఆవిడ వెళ్ళనట్టూనా?"

"మీరు నీళ్ళు తాగారు కదా!" అన్నారు వెనక నుంచి ఎవరో.

"నీళ్ళకేం, నా బస్సు కూడా తాగింది. రేడియేటరు నింపేవాణ్ణి. మరి అది కూడా వెళ్ళినట్టేనా?"

కొందరు నవ్వారు. కొందరికి కోపం వచ్చింది. మోసం మోసమేనని ఒకరు, చూసినదే రాసింది కదా, కల్పించి రాయలేదే అని ఇంకొకరు. అమ్మాయి లేచి, "'లేదు' నొక్కితే మీ పేజీ ఎందుకు కదలదో ముందు అది చెప్పండి!" అని టీచరు మీదికి వెళ్ళింది. పెద్దమ్మ ఎక్కడ తడబడిందో ఆమెకు అప్పుడే అర్థమయినట్టుంది. టీచరు పుస్తకం తెరిచి రూలు చదవడం మొదలుపెట్టింది. డ్రైవరు ఆ రూలుకు అడ్డం పడ్డాడు. ఒకళ్ళ మాట ఒకళ్ళకు వినబడటం లేదు.

ఆవిడ ఫొటోను బల్ల మీద, ఆయన కుర్చీకి ఎదురుగా పెట్టింది. చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. ఎవరికీ అడ్డం రాకుండా గోడ వారగా నడిచి తలుపు దాకా వచ్చి, చప్పుడు కాకుండా తెరిచింది. మీటింగు అయ్యాక ఒక్కొక్కరి దగ్గరా ఆగి, వెళ్ళొస్తానండీ అని చెప్పి గానీ కదిలే మనిషి కాదు ఆవిడ.

కిందికి వచ్చి వీధిలో అడుగు పెట్టేసరికి పైకిటికీలోంచి డ్రైవరు గొంతు వినబడింది. "ఏదమ్మా, మీ పెద్దమ్మ ఏదీ? ఇప్పటిదాకా ఇక్కడే ఉందే!"

ఆవిడ తల ఎత్తలేదు. ఎండకు కొంగు తల మీదికి లాక్కుని, మలుపు తిరిగి వెళ్ళిపోయింది.